1982 కంప్యూటర్ ఆన్ అవుతుంటే 1992ది ఎందుకు కావడం లేదు?

సంక్షిప్తంగా: పాత కంప్యూటర్ కొనేటప్పుడు చాలామంది దాని వయసు చూస్తారు. నిజానికి చూడాల్సింది మూడు: బోర్డు మీద బ్యాటరీ ఉందా, ఏ రకం కెపాసిటర్లు (కరెంటును కాసేపు నిల్వ ఉంచే చిన్న భాగాలు) వాడారు, పాడైన చిప్‌కు బదులు మరొకటి దొరుకుతుందా. మార్కెట్ ధరలు ఈ మూడింటినీ పెద్దగా లెక్కలోకి తీసుకోవు. కొన్నవాళ్లు తర్వాత ఇబ్బంది పడటానికి ముఖ్య కారణం అదే.

పాత కంప్యూటర్లు కొని బాగుచేసుకునే సరదా ఉన్నవాళ్లకు మొదట్లోనే ఒక తిరకాసు ఎదురవుతుంది. 1982లో వచ్చిన ఇంటి కంప్యూటర్ కమొడోర్ 64ను ఏళ్ల తరబడి మూలన పడేసి, ఇప్పుడు సరైన పవర్ సప్లై తగిలిస్తే నీలం తెర మామూలుగా వచ్చేయొచ్చు. దానికి పదేళ్ల తర్వాత, అంతకంటే ఎంతో ఖరీదైన యంత్రంగా అదే కంపెనీ నుంచి వచ్చిన అమిగా 4000ను అదే గదిలో అంతే జాగ్రత్తగా దాచినా, మూత తీసేసరికి కారిన బ్యాటరీ బోర్డును సగం తినేసి ఉండొచ్చు. పాతదైతే ఎక్కువ పాడవుతుందన్న మామూలు లెక్క ఇక్కడ పనిచేయదు. 1980ల చివరి నుంచి 1990ల మధ్య వరకు తయారైనవి, వాటికి ముందు తరం కంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నాయి.

వాడకుండా పక్కన పెడితే అరగదు కదా అన్నది రెండో అపోహ. కీబోర్డు, ఫ్లాపీ డ్రైవ్ లాంటి కదిలే భాగాల విషయంలో అది కొంతవరకు నిజం. బ్యాటరీ, కెపాసిటర్ల లోపలి రసాయనాలకు మాత్రం స్విచ్ ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా అన్నదాంతో పని లేదు. మూలన ఉన్న యంత్రంలోనూ అవి తమ పని తాము చేసుకుపోతుంటాయి.

బ్యాటరీ చేసే పని

దీనికి అమిగా 500, అమిగా 500 ప్లస్‌ల కన్నా మంచి ఉదాహరణ దొరకదు. మొదటిది 1987లో, రెండోది 1991లో వచ్చింది. బయటికి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. అమిగా 500 బోర్డు మీద బ్యాటరీ లేదు. ఆఫ్ చేసినా సమయం గుర్తుంచుకునే గడియారం కావాలనుకున్నవాళ్లు కింది భాగంలో విడిగా ఒక మెమరీ కార్డు పెట్టుకునేవారు, బ్యాటరీ ఆ కార్డు మీదే ఉండేది. అది కారినా ముందు పోయేది ఆ కార్డే. 500 ప్లస్‌లో తయారీదారు ఆ గడియారాన్ని బ్యాటరీతో సహా నేరుగా మదర్‌బోర్డు మీదకే తెచ్చాడు. కొన్నవాళ్లకు అప్పట్లో అది సౌకర్యమే. ఇప్పుడు మాత్రం ఈ మోడల్ అమ్మకానికి వస్తే మొదట అడగాల్సిన ప్రశ్న, బ్యాటరీ ఎప్పుడు తీసేశారన్నదే.

ఆ కాలంలో వాడిన నికెల్-కాడ్మియం బ్యాటరీలో పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం ఉంటుంది. సీలు బలహీనపడ్డాక అది మెల్లగా బయటికి పాకుతుంది. ముందు బ్యాటరీ కాళ్ల దగ్గర తెల్లటి పొడి, తర్వాత చుట్టూ పచ్చటి చిలుము కనిపిస్తాయి. అసలు నష్టం కనిపించని చోట జరుగుతుంది. బోర్డు మీది పచ్చపూత కిందికి క్షారం చేరి రాగి గీతలను నల్లగా మార్చి తెంపేస్తుంది. బోర్డు ఈ వైపు నుంచి ఆ వైపుకు కలిపే సన్నటి రంధ్రాల్లోకీ దిగుతుంది. పక్కనున్న చిప్ సాకెట్ పైకి బాగానే కనిపించినా లోపలి పిన్నులు తుప్పుపట్టి ఉంటాయి. అలాంటి చోట సోల్డర్ (భాగాలను బోర్డుకు అతికించే లోహం) మెరుపు పోయి బూడిద రంగుకు తిరుగుతుంది. సోల్డరింగ్ ఐరన్ ఎంతసేపు ఆనించినా సరిగ్గా కరగదు.

వెనిగర్ లాంటి బలహీనమైన ఆమ్లంతో క్షారాన్ని చల్లార్చి, శుభ్రమైన నీటితో, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టడం మామూలు పద్ధతి. దానితో నష్టం ముందుకు సాగకుండా ఆగుతుంది, జరిగింది మాత్రం వెనక్కి రాదు. తెగిన గీతలను ఒక్కొక్కటిగా మల్టీమీటర్‌తో వెతికి సన్నటి తీగలతో కలపాలి. 286, 386, 486 ప్రాసెసర్ల పీసీ బోర్డుల మీద పీపా ఆకారంలో ఉండే నీలి బ్యాటరీలదీ ఇదే కథ. కారినా కారకపోయినా దాన్ని కత్తిరించి తీసేయడమే మేలు. బదులుగా నాణెం ఆకారపు సీఆర్2032 బ్యాటరీ పెట్టేవాళ్లు ఒక సంగతి మరిచిపోకూడదు: పాత సర్క్యూట్ బ్యాటరీని చార్జ్ చేయాలని చూస్తుంది, సీఆర్2032 చార్జ్ అయ్యే రకం కాదు. మధ్యలో కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్ పెట్టకపోతే కొత్త ప్రమాదాన్ని తెచ్చిపెట్టుకున్నట్టే.

మూడు రకాల కెపాసిటర్ కథలు

"పాతది కదా, కెపాసిటర్లన్నీ మార్చేయాలి" అన్న సలహా తరచూ వినిపిస్తుంది. మూడు వేర్వేరు సమస్యలను ఒకటిగా కలిపేయడం వల్ల వచ్చిన సలహా ఇది.

1980ల మొదట్లోని బోర్డుల మీద కాళ్లున్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు చాలావరకు ఇప్పటికీ బాగానే పనిచేస్తున్నాయి. వాటిని అనవసరంగా ఊడదీస్తే పాత బోర్డు మీది రాగి ప్యాడ్లు లేచిపోయే ప్రమాదమే ఎక్కువ.

1980ల చివర్లో యంత్రాలు చిన్నవి కావడంతో బోర్డు ఉపరితలం మీదే అతికించే చిన్న అల్యూమినియం కెపాసిటర్లు వచ్చాయి. వీటిలో కొన్ని రకాల ఎలక్ట్రోలైట్లకు (లోపలి ద్రవాలకు) కింది రబ్బరు సీలును దాటి బయటికొచ్చే గుణం ఉంది. 1989 నాటి మాకింతోష్ ఎస్‌ఈ/30, 1992 నాటి అమిగా 600, 1200, 4000లతో పాటు ఆనాటి వీడియో క్యామ్‌కార్డర్లు కూడా ఈ కారణంగానే పాడవుతున్నాయి. ఇవి ఉబ్బవు, పేలవు, చూడటానికి కొత్తవాటిలా ఉంటాయి. ఐరన్ ఆనించగానే వచ్చే చేపల వాసన మాత్రం అసలు సంగతి చెప్పేస్తుంది. ఎస్‌ఈ/30లో శబ్దం సన్నగిల్లడం, ఆన్ చేయగానే తెర మీద చారలు రావడం వంటి లక్షణాల వెనుక తరచూ ఇవే ఉంటాయి. ఈ తరం యంత్రాల్లో మాత్రం కెపాసిటర్లన్నీ మార్చాల్సిందే, పనిచేస్తున్నా సరే.

ఇక 1999 ప్రాంతంలో మొదలై 2000ల మధ్య దాకా సాగిన మూడో సమస్యలో ఎలక్ట్రోలైట్ తయారీలోనే లోపం ఉంది. లోపల గ్యాస్ పుట్టి పైభాగం ఉబ్బుతుంది. పెంటియమ్ 4 తరం మదర్‌బోర్డుల్లో ఇది ఎక్కువ. ఉబ్బినవి కంటికే కనిపిస్తాయి కాబట్టి ముగ్గురు దొంగల్లో ఇతనే కాస్త నిజాయితీపరుడు.

పవర్ సప్లైలో ఏం జరుగుతుంది

పైన చెప్పిన కమొడోర్ 64కూ ఒక ప్రాణాంతకమైన బలహీనత ఉంది, అది యంత్రం లోపల కాదు, బయట. దాని అసలు పవర్ సప్లై 5 వోల్టుల డీసీ, 9 వోల్టుల ఏసీ ఇస్తుంది. వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌ను ఎపాక్సీ జిగురులో పోతపోసి మూసేశారు, వేడి సరిగ్గా బయటికి పోదు, విప్పి బాగుచేయడమూ కష్టమే. ఆ రెగ్యులేటర్ పోయే తీరే ప్రమాదకరం. చాలాసార్లు అది సున్నాకు పడిపోదు, 5 వోల్టుల లైన్‌ను పైకి వదిలేస్తుంది. ఆ ఎక్కువ వోల్టేజీ నేరుగా మెమరీ చిప్‌ల మీదికి వెళ్తుంది. నిన్నటిదాకా ఆడిన యంత్రం ఒక్క స్విచ్‌తో నల్ల తెర చూపించడానికి ఇదొక ప్రధాన కారణం. అమ్మేవారు "అసలు పవర్ సప్లైతో సహా" అని గొప్పగా రాస్తే, దాన్ని అలంకారంగా దాచుకోవడం వరకే మంచిది. కొత్తగా తయారైన సప్లై వాడాలి, లేదా వోల్టేజీ హద్దు దాటగానే లైన్ తెంచేసే చిన్న రక్షణ సర్క్యూట్ మధ్యలో పెట్టాలి.

అదే కాలపు బ్రిటిష్ ఇంటి కంప్యూటర్ జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌ది ఇంకో తీరు. అందులోని 4116 మెమరీ చిప్‌లకు +5, +12, -5 అంటూ మూడు వోల్టేజీలు కావాలి. ఆ -5 ఆగిపోయి మిగతా రెండూ వస్తూ ఉంటే చిప్‌లే కాలిపోతాయి. అసలు తప్పు ఒక చిన్న ట్రాన్సిస్టర్‌ది, బలయ్యేది మెమరీ. వోల్టేజీలు కొలవకుండా కొత్త మెమరీ పెట్టినవారికి ఆ కొత్తదీ దక్కదు.

ఐబీఎం పీసీ 5150 విషయంలో భయం ఎక్కువ, నష్టం తక్కువ. 12 వోల్టుల లైన్ మీది ట్యాంటలమ్ కెపాసిటర్ ఏళ్ల తర్వాత షార్ట్ అవుతుంది. అది గమనించిన పవర్ సప్లై స్టార్ట్ కావడానికే ఒప్పుకోదు. యంత్రం పూర్తిగా చచ్చినట్టు కనిపిస్తుంది, కానీ ఆ ఒక్క పార్ట్ తీసేస్తే లేచి కూర్చుంటుంది. యాపిల్ 2, బీబీసీ మైక్రోల పవర్ సప్లైల్లోని కాగితం రకం ఫిల్టర్ కెపాసిటర్లూ అంతే. పైపొర పగిలి తేమ పీల్చుకుని, ఆన్ చేసిన కాసేపటికి దుర్వాసనతో పొగ వదిలి గది మొత్తాన్ని హడలెత్తిస్తాయి. బోర్డుకు మాత్రం సాధారణంగా ఏమీ కాదు.

దొరికే చిప్, దొరకని చిప్

యంత్రం బతుకుతుందా లేదా అన్నది చివరికి తేల్చేది ఇదే. అప్పటి కంప్యూటర్లలో చిప్‌లు రెండు రకాలు. ఒకటి, ఎవరైనా కొనుక్కోగలిగిన మామూలు చిప్‌లు: 7400 వరుస లాజిక్, 4164 మెమరీ, జడ్80, 6502 ప్రాసెసర్లు. రెండోది, తయారీదారు తన యంత్రం కోసమే చేయించుకున్న ప్రత్యేక చిప్‌లు.

7400 వరుస చిప్‌లు ఈనాటికీ తయారవుతున్నాయి. 6502 వంశంలో 65సీ02ను వెస్టర్న్ డిజైన్ సెంటర్ ఇప్పటికీ అమ్ముతోంది. అయితే అది పాత 6502కు నూటికి నూరుపాళ్లు ప్రతిరూపం కాదు. పాత చిప్‌లోని అధికారికం కాని ఆదేశాల మీద ఆధారపడిన ప్రోగ్రాములు దాని మీద తడబడతాయి. 1976లో మొదలైన జడ్80ను ఇక ఆపేస్తున్నట్టు జైలాగ్ 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఇన్నేళ్లలో తయారైనవి లెక్కలేనన్ని కాబట్టి కొరత వెంటనే తెలియదు.

కమొడోర్ 64లోని సిడ్ శబ్ద చిప్, విక్-2 చిత్ర చిప్‌ల సంగతి వేరు. వాటిని తయారుచేసిన సంస్థ కమొడోర్ చేతిలోనే ఉండేది, 1994లో కమొడోర్ దివాలాతో ఆ వంశం ఆగిపోయింది. మిగిలినవే మిగిలినవి. సిడ్ కోసం సంగీతం చేసేవాళ్లూ పోటీ పడతారు, ఎందుకంటే దానిలోని అనలాగ్ ఫిల్టర్ శబ్దం ప్రత్యేకం. ఫలితంగా చిప్ ఊడదీసి దాన్ని విడిగా, బోర్డును విడిగా అమ్మడం మామూలైంది. పైన ముద్ర చెరిపి 6581 అని సిడ్ నంబరు కొత్తగా వేసిన నకిలీలూ తిరుగుతున్నాయి. బదులుగా ఆర్మ్‌సిడ్ లాంటి ఆధునిక ప్రత్యామ్నాయాలు వచ్చాయి. విక్-2 స్థానంలో ఎఫ్‌పీజీఏతో (లోపలి సర్క్యూట్‌ను కావాల్సినట్టు మార్చుకోగలిగే చిప్‌తో) చేసిన కవారీ అనే బోర్డూ ఉంది. పనికి ఇవి బాగానే సరిపోతాయి, అసలు చిప్పే ఉండాలనుకునే సేకరణకర్తకు సరిపోవు.

పీసీల గడియారపు చిప్ డీఎస్1287 ఇంకో విడ్డూరం. చిప్, క్రిస్టల్, లిథియమ్ బ్యాటరీ మూడింటినీ ఒకే నల్లదిమ్మెలో పోతపోశారు. తయారీదారు చెప్పిన ఆయుష్షు పదేళ్ల చిల్లర. అంటే ఆ కాలపు దిమ్మెల్లో బ్యాటరీ ఇప్పటికి అయిపోయినట్టే. దిమ్మెను పక్కనుంచి అరగదీసి, లోపలి కాళ్లు బయటపెట్టి, కొత్త బ్యాటరీ గూడు అతికిస్తే పని జరుగుతుంది. చూడటానికి మొరటు పనే, అయినా ఏళ్లుగా నమ్మకంగా నడుస్తున్న పద్ధతి.

ధర దేన్ని బట్టి?

ధరలు పార్ట్స్‌ను బట్టి కాక జ్ఞాపకాలను బట్టి కదులుతున్నాయి. చిన్నప్పుడు చూసిన యంత్రం కొనుక్కునే స్తోమత వచ్చేసరికి ఆ తరం వయసు నలభై దాటుతుంది. అప్పుడు ఆ మోడల్ ధర పెరగడం మొదలవుతుంది. 3డీఎఫ్ఎక్స్ కంపెనీ వూడూ గ్రాఫిక్స్ కార్డులు ఇందుకు ఉదాహరణ. 1996లో వచ్చిన ఈ కార్డుల గ్లైడ్ అనే సొంత ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్ కోసం రాసిన ఆటలు వేరే కార్డుల మీద అలాగే నడవవు. కంపెనీ ఆస్తులను 2000 చివర్లో ఎన్‌విడియా కొనేసింది, కొత్తవి రావు. కోరిక ఉంది, సరఫరా లేదు.

తుక్కు వ్యాపారం కూడా ధరల్లో చేయిపెడుతుంది. 1995 నాటి పెంటియమ్ ప్రో లాంటి సిరామిక్ ప్రాసెసర్లలో బంగారం కాస్త ఎక్కువ. వాటిని కరిగించడానికి కొనేవారు, సేకరణకు కొనేవారు ఒకే వస్తువు కోసం పోటీ పడతారు. కరిగినది ఎలాగూ తిరిగిరాదు.

వేలం వార్తలను బట్టి ధర ఊహించుకోవడం మాత్రం తప్పుదారి. 1976లో 666.66 డాలర్లకు అమ్మిన యాపిల్-1ను 2014లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియం 9,05,000 డాలర్లకు కొన్నది నిజమే. కానీ యాపిల్-1లు తయారైనవే దాదాపు 200. కమొడోర్ 64లు కోటికి పైగా అమ్ముడయ్యాయి. ఒకదాని ధర చూపించి రెండోదాన్ని "అరుదైనది" అని రాయడం అమ్మకపు మాట.

అలాంటి మాటల్లోకెల్లా ఖరీదైనది "టెస్ట్ చేయలేదు". పవర్ సప్లై చేతిలోనే ఉండి ఆ మాట రాశారంటే, టెస్ట్ చేశారు, పనిచేయలేదు అని అర్థం చేసుకోవడమే క్షేమం. "ఆన్ అవుతోంది" అన్నా లైటు వెలిగిందనే అర్థం. తెర మీద బొమ్మ ఫొటో, మూత తీసిన బోర్డు ఫొటో, బ్యాటరీ దగ్గరి క్లోజప్ అడిగితే సగం సంగతి తేలిపోతుంది. ఫొటో పంపడానికి ఇష్టపడని అమ్మకందారును వదిలేస్తే పోయేదేం లేదు.

వేరే ఖండం నుంచి తెప్పించేటప్పుడు మరో చిక్కు ఉంది. మెయిన్స్ వోల్టేజీతో పాటు టీవీ పద్ధతీ మారుతుంది: అమెరికాలో ఎన్‌టీఎస్‌సీ, యూరప్‌లో ఎక్కువగా పాల్. ఎన్‌టీఎస్‌సీ కమొడోర్ 64 వేగం 1.023 మెగాహెర్ట్జ్, పాల్ రకానిది 0.985. తేడా చిన్నదే అయినా, కచ్చితమైన టైమింగ్ మీద ఆధారపడిన ఆటలు ఒకదాని మీద నడిచి రెండోదాని మీద చెదురుతాయి.

రిపేర్‌లో క్రమం

అనుభవం ఉన్నవాళ్లు కొత్తగా వచ్చిన యంత్రాన్ని వెంటనే ఆన్ చేయరు. ముందు మూత తీసి చూస్తారు, వాసన కూడా చూస్తారు. 5 వోల్టుల లైన్‌కు, గ్రౌండ్‌కు మధ్య షార్ట్ ఉందేమో కొలుస్తారు. పవర్ సప్లైని బోర్డు నుంచి విడదీసి విడిగా పరీక్షిస్తారు. స్విచింగ్ రకం సప్లైలు చాలావరకు లోడ్ లేకుండా స్టార్ట్ కావు కాబట్టి డమ్మీ లోడ్ (బోర్డుకు బదులు కరెంటు లాగే ఏదైనా భాగం) పెట్టాలి, లేదంటే బాగున్నదాన్ని పాడైందనుకుంటారు.

ఆ తర్వాత సాకెట్లలోని చిప్‌లను తీసి, కాళ్లు శుభ్రం చేసి, మళ్లీ గట్టిగా కూర్చోబెట్టడం. వేడెక్కి చల్లారే క్రమంలో చిప్‌లు సాకెట్ల నుంచి కొద్దికొద్దిగా పైకి లేస్తాయి, కాళ్లకు మసి పడుతుంది. ఇంత చిన్న పనితోనే బాగయ్యే యంత్రాలు తక్కువేమీ కాదు. అప్పటికీ కాకపోతే క్లాక్, రీసెట్ సిగ్నళ్లు ఉన్నాయో లేదో, సిగ్నల్‌ను గీతగా చూపే ఆసిలోస్కోప్‌తో చూడాలి. కమొడోర్ 64కు డెడ్ టెస్ట్ అనే కార్ట్రిజ్ ఉంది. తెర ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెడితే ఎనిమిది మెమరీ చిప్‌లలో ఏది పోయిందో తెలుస్తుంది. పూర్తిగా నల్ల తెర ఉన్నా పనికొచ్చే పరీక్ష కావడం దీని ప్రత్యేకత.

పాత బోర్డుల మీద ఉన్నది తగరం-సీసం సోల్డర్, 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది. ఇప్పటి సీసం లేని సోల్డర్‌కు 217 డిగ్రీల దాకా కావాలి. దానికి అలవాటుపడిన చేయి పాత బోర్డు మీద అంత వేడి పెడితే ప్యాడ్లు లేస్తాయి. ఎక్కువ బోర్డులు చచ్చేది వయసు వల్ల కాదు, మొదటి రిపేర్ వల్లే అన్న మాట ఈ రంగంలో ఊరికే పుట్టలేదు.

పిక్చర్ ట్యూబు ఉన్న యంత్రాలను అనుభవం లేనివారు విప్పకపోవడమే మంచిది. ప్లగ్ తీసేసినా ట్యూబులో వేల వోల్టుల చార్జ్ మిగిలి ఉండొచ్చు.

డిస్కులు

సోనీ 2011లో ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. డ్రైవుల్లోని రబ్బరు బెల్టులు కరిగి బంకగా మారుతున్నాయి. అందుకే చాలామంది ఫ్లాపీ డ్రైవ్ స్థానంలో యూఎస్‌బీతో నడిచే గోటెక్‌ను, స్కజీ అనే పాత కనెక్షన్ ఉన్న హార్డ్ డిస్క్ స్థానంలో బ్లూస్కజీని పెడుతున్నారు. పాత డిస్కులు చేతికొస్తే ముందు చేయాల్సింది వాటిని ఆడించడం కాదు. గ్రీస్‌వీజిల్ లాంటి పరికరంతో అయస్కాంత సంకేతాన్ని యథాతథంగా కాపీ తీసుకోవాలి. బూజు పట్టిన డిస్కును నేరుగా డ్రైవులో పెడితే డిస్కుతో పాటు డ్రైవు హెడ్ కూడా పాడవుతుంది.

ఎమ్యులేటర్ ఉండగా ఇదంతా ఎందుకు?

ఆటలు ఆడటమే కావాల్సినవారికి ఇదంతా అక్కర్లేదు. పాత యంత్రాన్ని ఇప్పటి కంప్యూటర్‌లో అనుకరించే వైస్, విన్‌యూఏఈ లాంటి ఎమ్యులేటర్లు ఉచితం, నమ్మదగినవి. ఇంకాస్త దగ్గరగా కావాలంటే డీఈ10-నానో బోర్డు మీద నడిచే మిస్టర్ ప్రాజెక్టు పాత సర్క్యూట్లనే ఎఫ్‌పీజీఏలో పునర్నిర్మిస్తుంది. ఖర్చు, చోటు, టెన్షన్ ఏ లెక్కన చూసినా ఇవే నయం. అసలు యంత్రం కొనేవారికి కావాల్సింది దాన్ని విప్పడం, కొలవడం, బాగుచేయడమే. ఈ తేడా కొనకముందే తేల్చుకోనివారి దగ్గర్నుంచే సగం విప్పిన యంత్రాలు మళ్లీ అమ్మకానికి వస్తుంటాయి.

ముందుముందు

బ్యాటరీ, కెపాసిటర్లు తినేసిన బోర్డులు పెరుగుతున్నకొద్దీ కొత్త దారి ఒకటి తెరుచుకుంది. ఎస్‌ఈ/30, అమిగా 1200 లాంటి వాటి బోర్డులను అభిమానులే గీతగీతా వెతికి మళ్లీ గీశారు. ఖాళీ బోర్డు కొత్తగా తయారు చేయించుకుని, చచ్చిన బోర్డు మీది ప్రత్యేక చిప్‌లను దాని మీదికి మార్చొచ్చు. దీంతో పూర్తిగా పాడైన బోర్డుకూ విలువ వచ్చింది, చిప్‌లు బాగుంటే చాలు. దీని ఇంకో పార్శ్వం ఏమిటంటే, కాస్త శ్రమిస్తే బతికే యంత్రాలను కూడా చిప్‌ల కోసం విప్పేయడం లాభసాటి అవుతోంది.

కొనుగోలుదారుకు దీనివల్ల ఒక కొత్త ప్రశ్న వస్తుంది. పెట్టె 1992ది, చిప్‌లు మూడు వేర్వేరు యంత్రాలవి, బోర్డు గత ఏడాదిది, కెపాసిటర్లన్నీ కొత్తవి. వాడటానికి ఇది అసలు దానికన్నా నమ్మకమైన యంత్రం. సేకరణగా దీనికి ఎంత విలువ కట్టాలన్నదానికి అందరూ ఒప్పుకున్న కొలమానం లేదు. ఏది పాతది, ఏది మార్చినది అని అమ్మకందారు ఫొటోలతో సహా రాసిచ్చిన కాగితమే ప్రస్తుతానికి ఆధారం. తర్వాత మళ్లీ అమ్మాలనుకునేవారు దాన్ని యంత్రంతో పాటే దాచుకోవాలి.